మావయ్య లెన్సులు పనికొస్తాయి, కానీ ముందు వాటి వెనక వైపు చూడు

ప్రశ్న: అన్నయ్యా, నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా మేనమామ పర్లాకిమిడిలో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి, ఆరోగ్యం బాగోక మూసేశారు. మొన్న నన్ను పిలిచి బీరువాలో తోలు కవర్లలో ఉన్న మూడు పాత లెన్సులు చేతిలో పెట్టారు. ఒకటి నిక్కర్-ఎస్ ఆటో 50 ఎం.ఎం. ఎఫ్/1.4. రెండోది నిక్కర్ 135 ఎం.ఎం. ఎఫ్/2.8. మూడోది రష్యా హీలియోస్ 44-2. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న నికాన్ డి5600 ఉంది. 135 తగిలిస్తే బటన్ నొక్కినా క్లిక్ అవ్వట్లేదు. పైగా దాని లోపల సాలెగూడులా ఏదో కనిపిస్తోంది. హీలియోస్ అసలు ఎక్కట్లేదు. మా ఫ్రెండ్ దగ్గర డి7200 ఉంది. అందులో పాత నికాన్ లెన్సులన్నీ పనిచేస్తాయి, ఆదివారం 50 పట్టుకురా, పెట్టి చూద్దాం అంటున్నాడు. ఇంకొకాయన ఇవన్నీ అమ్మేసి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) కొనుక్కోమంటున్నాడు. ఈ మధ్యే ఒక పెళ్లి ఆర్డర్ కూడా ఒప్పుకున్నాను. ఈ లెన్సులతో తీయొచ్చా? లెన్సుల ఫొటోలు జత చేస్తున్నాను.

సమాధానం: తమ్ముడూ, మిగతా సంగతులు తర్వాత. ముందు మీ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, ఆ 50ని డి7200కి తగిలించేది లేదని చెప్పు. పాత లెన్సులన్నీ అందులో పనిచేస్తాయన్న మాట సగమే నిజం. నీ 135 దానికి హాయిగా ఎక్కుతుంది. 50 ఎక్కిస్తే మాత్రం కెమెరా బాడీ పాడవుతుంది. రెండూ నికాన్ లెన్సులే, రెండూ ఒకే మౌంట్‌వే, అంటే కెమెరాకి తగిలే చోటు రెండిటికీ ఒకటే. తేడా ముందు నుంచి చూస్తే తెలియదు, వెనక్కి తిప్పి చూడాలి.

నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చింది. దాని కొలతలు ఇప్పటికీ అవే. మారిందల్లా లెన్స్ మీద అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎంత పెట్టామో కెమెరాకి తెలియజేసే పద్ధతి. మొదట్లో అపర్చర్ రింగు మీద చెవుల్లా లేచి ఉండే ఒక లోహపు ముక్క, బాడీ పైనున్న పిన్నుని పట్టుకుని ఆ పని చేసేది. 1977లో ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) అనే పద్ధతి తెచ్చారు. అపర్చర్ రింగు వెనక అంచుని కొంతమేర మెట్టులా తగ్గించారు. ఆ మెట్టు, బాడీ మౌంట్ అంచున ఉండే చిన్న నాలికలాంటి లీవర్‌ని తోస్తుంది. లీవర్ ఎంత జరిగిందో చూసి కెమెరా వెలుతురు లెక్క కడుతుంది. 1977కి ముందు లెన్సులకి ఆ మెట్టు లేదు, అంచు చుట్టూతా నిండుగా ఉంటుంది. అలాంటి లెన్స్‌ని డి7200 లాంటి బాడీలో పెట్టి తిప్పితే ఆ నిండు అంచు సరాసరి వెళ్లి లీవర్ మీద పడుతుంది. ఇంకాస్త బలంగా తిప్పితే లీవర్ వంగుతుంది, లేదా విరుగుతుంది. దాన్ని బాగుచేయించాలంటే అయ్యే ఖర్చుకి ఇలాంటి పాత లెన్స్ ఇంకోటి వస్తుందేమో.

నువ్వు పంపిన ఫొటోల్లో ఇదంతా స్పష్టంగా కనిపిస్తోంది. 135 అపర్చర్ రింగు చూడు. అంకెలు రెండు వరసల్లో ఉన్నాయి. పెద్ద అంకెలు ఒక వరస, మౌంట్ వైపు అంచున అవే అంకెలు చిన్నవిగా ఇంకో వరస. దాని మీది చెవుల ముక్కకి రెండు పక్కలా కన్నాలున్నాయి. ఈ రెండు గుర్తులూ ఉంటే అది ఏఐ లెన్స్. నీ 50కి అంకెలు ఒక్కటే వరస, చెవుల ముక్కకి కన్నాలు లేవు. అది పాత పద్ధతి లెన్సే. అయితే ఇక్కడో చిక్కుంది. పాత లెన్సుల్ని కొన్నిటిని తర్వాత రోజుల్లో ఏఐకి మార్పించారు. నికాన్ వాళ్లే అందుకు కొత్త రింగులు అమ్మారు, బయటి మెకానిక్కులు రింగుని అరగదీసి కూడా మార్చారు. కాబట్టి పేరు చూసి, సంవత్సరం చూసి తేల్చేయకు. చివరి సాక్ష్యం వెనక అంచే. గోరు ఆనించి చుట్టూ తిప్పి చూడు. ఎక్కడో ఒకచోట గోరు కిందికి దిగితే మెట్టు ఉన్నట్టు. ఎక్కడా దిగకపోతే డి7200, డి610, డి750, డి810 లాంటివాటి దగ్గరికి దాన్ని తీసుకెళ్లకు.

విచిత్రం ఏమిటంటే, తక్కువ ధర బాడీ అని అందరూ చిన్నచూపు చూసే నీ డి5600కి ఈ బాధ లేదు. డి3000, డి5000 వరస కెమెరాల్లో నికాన్ ఆ లీవరే పెట్టలేదు. లీవర్ లేదు కాబట్టి తగలడానికీ ఏమీ లేదు. అందుకే చాలామంది ఏఐకి ముందు లెన్సుల్ని ఈ బాడీల మీదే వాడుతున్నారు. తగిలించేటప్పుడు మెల్లగా తిప్పు. ఎక్కడ బిగుసుకున్నట్టు అనిపించినా ఆపెయ్, బలవంతం చేయకు. మిగతా బాడీలకీ పనికొచ్చేలా 50ని ఏఐకి మార్పించాలనుకుంటే, పని తెలిసిన లెన్స్ మెకానిక్‌కే ఇవ్వు. రింగు విప్పకుండా లెన్స్ మొత్తాన్ని పట్టుకుని ఆకురాయి వేస్తే లోహపు రజను లోపలికి పోతుంది. తర్వాత ఫోకస్ రింగు తిప్పిన ప్రతిసారీ గరగర.

ఇక క్లిక్ ఎందుకు అవ్వట్లేదంటే, ఆ లీవర్ లేకపోవడానికి నువ్వు చెల్లించే మూల్యం అదే. నీ బాడీకి పాత లెన్స్‌తో మాట్లాడే దారి లేదు. లెన్స్‌లో చిప్ లేదు, అపర్చర్ ఎంతో తెలియదు, అందుకే ఆటో, పి, ఎ, ఎస్ మోడ్‌లలో షట్టర్‌ని ఆపేస్తుంది. పైన చక్రాన్ని ఎమ్‌కి, అంటే అన్నీ మనమే పెట్టుకునే మోడ్‌కి తిప్పు, క్లిక్ అవుతుంది. కానీ వెలుతురు కొలిచే మీటర్ పనిచేయదు. షట్టర్ వేగం, ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) నువ్వే పెట్టాలి. అపర్చర్ లెన్స్ రింగు మీద తిప్పాలి. ఐఎస్‌ఓని ఆటోలో వదిలేయకు.

మీటర్ లేదని టెన్షన్ పడకు. మీ మావయ్య తరం ఫొటోగ్రాఫర్లలో చాలామంది ఎండ చూసి లెక్క చెప్పేవాళ్లే. నిండు ఎండలో ఎఫ్/16 పెడితే, షట్టర్ ఐఎస్‌ఓ అంకెకి దగ్గరగా ఉండాలి. అంటే ఐఎస్‌ఓ 100కి సెకనులో 125వ వంతు. ఎఫ్/8కి తెస్తే 500వ వంతు, ఎఫ్/5.6కి తెస్తే 1000వ వంతు. ఆకాశం తెరిపిగా ఉన్న చోట ఇంటి నీడలో నిలబెట్టి తీస్తున్నావనుకో, 125వ వంతు దగ్గరే ఉండి ఎఫ్/5.6 నుంచి మొదలుపెట్టు. అక్కడి నుంచి ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గీతల బొమ్మ) చూడు. ప్లేబ్యాక్ మెనూలో దాన్ని ఆన్ చేస్తేనే కనిపిస్తుంది. గీతల గుట్ట కుడి గోడకి గుద్దుకుంటే వెలుతురు ఎక్కువైంది, షట్టర్ పెంచు. ఎడమకి నక్కితే తగ్గించు. ఎండ మారకపోతే ఇక ముట్టుకోనక్కర్లేదు, పూటంతా అదే లెక్క నడుస్తుంది. రా ఫార్మాట్‌లో (కెమెరా సర్దని ముడి ఫైల్‌గా) తీస్తే చిన్న తేడాలు తర్వాత సర్దుకోవచ్చు. కెమెరా ఈ లెన్సుల అపర్చర్‌ని ఫైల్‌లో రాయదు. మొదట్లో చిన్న పుస్తకంలో రాసుకుంటే నేర్చుకోవడం త్వరగా అవుతుంది.

135ని మాత్రం ఫ్రెండ్ డి7200లో నిశ్చింతగా పెట్టి చూడండి. సెటప్ మెనూలో నాన్ సీపీయూ లెన్స్ డేటా (చిప్ లేని లెన్సుల వివరాలు) అని ఉంటుంది. అందులో 135, 2.8 అని ఎక్కిస్తే ఎ మోడ్‌లోనూ (అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునేది) ఎమ్‌లోనూ మీటర్ పనిచేస్తుంది. అలా తొమ్మిది లెన్సుల వరకు దాచుకోవచ్చు. ఒకే లెన్స్ ఒక బాడీలో గుడ్డిదిగా, ఇంకో బాడీలో కళ్లు తెరిచి పనిచేస్తుందంటే కారణం ఇదే. పాత లెన్స్ మంచిదా కాదా అని విడిగా అడిగితే జవాబు ఉండదు. ఏ లెన్స్, ఏ బాడీ అన్నది జతగా చూడాలి.

ఫోకస్ సంగతికొద్దాం, చేతికి అసలు పని అక్కడే. మావయ్య కెమెరా వ్యూఫైండర్ మధ్యలో రెండు ముక్కలైన బొమ్మ కలిసేదాకా తిప్పే ఏర్పాటు ఉండి ఉంటుంది. నీ దాంట్లో అది లేదు. పైగా ఈ రోజుల ఫోకస్ అద్దాలు జూమ్ లెన్సులకోసం ప్రకాశంగా కనిపించేలా చేసినవి. ఎఫ్/1.4 పెట్టినా కంటికి ఎఫ్/2.8లో ఉన్నంత లోతు స్పష్టంగా ఉన్నట్టే చూపిస్తాయి. వ్యూఫైండర్‌లో కళ్లు స్పష్టంగా కనిపించి, ఇంటికెళ్లి చూస్తే చెవి స్పష్టంగా వచ్చేది అందుకే. 135తో ఎఫ్/2.8 దగ్గర రెండు మీటర్ల దూరంలో మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు రెండు మూడు సెంటీమీటర్లే.

దీనికి రెండు దారులున్నాయి. బటన్ సగం నొక్కి రింగు తిప్పుతుంటే వ్యూఫైండర్ కింద మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. నువ్వు ఎంచుకున్న పాయింట్ దగ్గర ఫోకస్ కుదిరినట్టు అది చెబుతుంది. కదిలే మనుషులకి అది చాలు. నిలకడగా ఉన్నవాటికి మాత్రం లైవ్ వ్యూ (వెనక తెర మీద చూసే పద్ధతి) పెట్టి, భూతద్దం బటన్‌తో పెద్దది చేసి, కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా తిప్పు. పచ్చ చుక్క కన్నా దీన్నే నేను నమ్ముతాను. వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్ చక్రాన్ని నీ కంటికి సర్దుకోవడం మర్చిపోకు. సెకండ్ హ్యాండ్ కెమెరా కాబట్టి అది పాతాయన కంటికి సర్ది ఉండొచ్చు. నీ సెన్సార్ చిన్నది కాబట్టి దాని మీద 135 దాదాపు 200 లాగా పనిచేస్తుంది, లోపల వణుకు ఆపే ఏర్పాటు లేదు. చేత్తో పట్టుకుని తీస్తే షట్టర్ వేగాన్ని 250వ వంతు కన్నా తగ్గించకు.

135లో కనిపించిన సాలెగూడు ఫంగస్, మన వాళ్లు బూజు అంటారే అదే. వంశధార పక్కన వానాకాలం నాలుగు నెలలూ గాల్లో తేమ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. బీరువాలో, అందులోనూ తోలు కవర్‌లో పెట్టిన లెన్స్‌కి అది పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. తోలు తేమని పీల్చుకుని వదలదు. మూడు లెన్సుల్నీ ఇవాళే ఆ తోలు కవర్ల నుంచి బయటికి తీయి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడు. అంచున ఒకటి రెండు పోగులుంటే ఫొటోలో తేడా దాదాపు తెలియదు. మధ్యలో పొరలా పరుచుకుంటే వెలుతురుకి ఎదురుగా తీసినప్పుడు బొమ్మ తెల్లగా పాలిపోతుంది. త్వరగా శుభ్రం చేయిస్తే పోతుంది. ఆలస్యం చేస్తే అద్దం మీది పూతని తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. బరంపురంలోనో విశాఖలోనో లెన్స్ విప్పి శుభ్రం చేసేవాళ్ల దగ్గరికి ముందు 135నే పంపు. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకోకు.

దాచడానికి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, లోపల పెట్టే చిన్న తేమ మీటరు చాలు. తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంటే మంచిది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకు, బియ్యపు పొడి రింగుల్లోకి దూరుతుంది. ఇంకో పరీక్ష కూడా చెయ్యి. 135, 50 లెన్సుల వెనక చిన్న మీట ఉంటుంది. అపర్చర్‌ని ఎఫ్/16 దగ్గర పెట్టి దాన్ని వేలితో కదిపి వదులు. లోపలి బ్లేడ్లు టక్కున కదలాలి. బద్ధకంగా కదిలితే వాటి మీద నూనె చేరినట్టు. అలాంటప్పుడు ఫొటోలు ఒకటి సరిగ్గా, ఒకటి తెల్లగా వస్తాయి. నువ్వేమో షట్టర్ లెక్క తప్పిందనుకుని అక్కడ వెతుకుతుంటావు.

హీలియోస్ ఎక్కకపోవడానికి కారణం, అది మరతో బిగించే ఎం42 లెన్స్. అడాప్టర్ (మధ్యలో వేసే రింగు) దొరుకుతుంది కానీ ఒక ఇబ్బంది ఉంది. ఎం42 లెన్స్ సెన్సార్‌కి 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి. నికాన్ బాడీలో ఆ దూరం 46.5. అంటే మిల్లీమీటరు దూరం జరిగి కూర్చుంటుంది, అడాప్టర్ మందం దానికి తోడు. ఆ కాస్త తేడాకే మీటరో రెండు మీటర్లో దాటిన వస్తువు ఏదీ ఫోకస్ కాదు. మహేంద్రగిరి తీద్దామంటే మసకే వస్తుంది. మధ్యలో అద్దం ఉన్న అడాప్టర్లు అమ్ముతారు, దూరం కుదురుతుంది కానీ చవక అద్దం బొమ్మని మెత్తబరుస్తుంది. నేనైతే కొనను. కేనన్ ఈఓఎస్ బాడీలో ఆ దూరం 44 మాత్రమే కాబట్టి పల్చటి రింగు వేస్తే చాలు. మీ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా 1500డి లాంటిది ఉంటే ఒక పూట అడిగి తీసుకో. అదే పని కేనన్ వాళ్ల పాత ఎఫ్‌డీ లెన్సులతో కుదరదు. వాటి దూరం 42, అవి కేనన్ వాళ్ల సొంత ఈఓఎస్ బాడీలకే సరిపడవు. అందుకని ఎవరైనా ఎఫ్‌డీ లెన్స్ చవగ్గా ఇస్తానంటే తొందరపడకు.

హీలియోస్‌ని నీ నికాన్ మీదే వాడే మంచి పని ఇంకోటి ఉంది. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది కూడా అదే. స్టూడియో మూసేసినప్పుడు మావయ్య నెగెటివ్‌లు ఏమయ్యాయి? లెన్సులు బీరువాలో ఉన్నాయంటే నెగెటివ్‌లు కూడా ఎక్కడో అటక మీద ఉండే ఉంటాయి. దగ్గరి వస్తువుల్ని తీయడానికి దూరపు ఫోకస్‌తో పనిలేదు కదా. అద్దం లేని చవక అడాప్టర్‌కి ఎం42 ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌ని ముందుకి జరిపే ఖాళీ గొట్టాలు) కలిపి, వెనక నుంచి తెల్లటి వెలుతురు పడేలా పెట్టి, నెగెటివ్‌ని నేరుగా కెమెరాతో తీయొచ్చు. ట్యూబు లెక్క సులువే. 35 ఎం.ఎం. నెగెటివ్ నీ సెన్సార్ నిండా రావాలంటే దాన్ని 0.65 వంతుకి తగ్గించాలి. హీలియోస్ 58 ఎం.ఎం. లెన్స్ కాబట్టి 58ని 0.65తో గుణిస్తే దాదాపు 38 మిల్లీమీటర్లు ముందుకి జరగాలి. ఫోకస్ రింగు కొంత జరుపుతుంది, మిగతాది ట్యూబులు చూసుకుంటాయి. ఎఫ్/8 దగ్గర పెట్టు, కెమెరాని స్టాండ్ మీద బిగించు, సెల్ఫ్ టైమర్ వాడు. కంప్యూటర్‌లో రంగులు తిరగేస్తే ఫొటో సిద్ధం.

పర్లాకిమిడి స్టూడియో అంటే ఎన్ని ఇళ్ల పెళ్లిళ్లు, ఎన్ని బళ్ల గ్రూపు ఫొటోలు! నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచి 2004లో ఆగిపోయిన మన చిన్న రైలు ఒకటి రెండు ఫ్రేముల్లోనైనా ఉండకపోదని నా ఆశ. ఫంగస్ నెగెటివ్‌లనీ వదలదు, పైగా వాటిని శుభ్రం చేయించడం లెన్స్ అంత తేలిక కాదు. ఈ పని వాయిదా వేయకు. మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి. ఏ ఫొటోలో ఎవరున్నారో చెప్పగలిగింది ఆయనే.

50తో ఏం తీయాలని కూడా తర్వాత అనుకుంటావు కాబట్టి చెబుతున్నాను. మనుషుల ముఖాలు తీయి. ఎఫ్/1.4 దగ్గర బొమ్మ చుట్టూ మెత్తటి మెరుపు వస్తుంది, ఎండ పడిన అంచుల్లో ఊదా గీత కనిపిస్తుంది. ఎఫ్/4కి తెచ్చేసరికి అవన్నీ పోయి గట్టిగా వస్తుంది. పాత పూత కాబట్టి హుడ్ లేకుండా ఎండకి ఎదురు పెట్టకు. మీ గుణుపురం నుంచి పుట్టసింగి వైపు సవర ఊళ్లకి వెళ్లాలని అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. వెళ్లు. కానీ పెద్దావిడ చెవికమ్మల కోసమని దూరం నుంచి 135 గురిపెట్టకు. 50తో తీయాలంటే దగ్గర కూర్చోవాలి, ఫోకస్‌కి సమయం పడుతుంది, ఆ సమయంలో మాట కలుస్తుంది. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు వాళ్ల భాషకి నిఘంటువు, వ్యాకరణం రాయగలిగారంటే వాళ్ల మాటకి ఏళ్ల తరబడి చెవి ఒగ్గబట్టే కదా. అడిగి తీయి, తీసింది ప్రింట్ వేయించి వాళ్లకివ్వు.

అమ్మేయమన్న ఆయన మాటకొస్తే, ఫంగస్ ఉన్న లెన్స్‌కి ఎవరూ మంచి ధర ఇవ్వరు. ఆ డబ్బుతో మిర్రర్‌లెస్ రాదు. ఎప్పుడైనా బాడీ మార్చే రోజు వస్తే అప్పుడు మిర్రర్‌లెస్ ఆలోచించు. వాటిలో లెన్స్‌కి సెన్సార్‌కి దూరం చాలా తక్కువ, నికాన్ జెడ్‌లో 16 మిల్లీమీటర్లే, కాబట్టి హీలియోస్‌తో సహా నీ మూడూ మామూలు అడాప్టర్‌తో ఎక్కుతాయి. అందుకోసమైనా ఇప్పుడు అమ్మకు.

పెళ్లికి మాత్రం వీటిని నమ్ముకోవద్దు. తలంబ్రాలు, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, ఏదీ రెండోసారి జరగదు. నువ్వు రింగు తిప్పే లోపు అయిపోతుంది. నీ కిట్ లెన్స్‌తో పాటు ఏఎఫ్-ఎస్ 35 ఎఫ్/1.8 డీఎక్స్ లాంటిది (ఫోకస్ మోటార్ లెన్స్‌లోనే ఉన్నది) అద్దెకో చేబదులుగానో తీసుకో. ఏఎఫ్-డి లెన్స్ ఇస్తే వద్దను. డి5600 బాడీలో మోటార్ లేదు, అది కూడా చేత్తోనే ఫోకస్ చేయాల్సి వస్తుంది. పెళ్లికూతురిని విడిగా కిటికీ దగ్గర కూర్చోబెట్టే అవకాశం దొరికితే, అప్పుడు 50 తీయి.

మళ్లీ రాసేటప్పుడు నెగెటివ్‌లు 35 ఎం.ఎం.వా, వెడల్పాటి 120 ఫిల్మ్‌వా చూసి రాయి. 120 అయితే ట్యూబు పొడవు బాగా తగ్గుతుంది. ఏది కొనాలో దాన్ని బట్టి చెబుతాను.